చెయ్యి ఖాళీ లేని పరుగు

గుమ్మపుట్టులో సోనిని కాలు కదపకుండా కూర్చోబెట్టగలిగినవి ఇంతవరకూ రెండే. ఒకటి మలేరియా, రెండోది టీవీ. మలేరియాకైనా మాత్ర ఉంది. టీవీకి మాత్రా లేదు, ఏమాత్రం సిగ్గూ లేదు.

లేకపోతే ఆ పిల్ల కూర్చునే రకం కాదు. అన్నం తింటూ మోకాలు ఆడిస్తుంది. పాడేరు బస్సు కోసం నిలబడి మడమలు లేపుతుంది. నిద్రలో దుప్పటిని తంతుంది. పుట్టేటప్పుడు కూడా మంత్రసాని బేగి రాలేదని తనే బయల్దేరి వచ్చేసిందని మేనత్త కనక ఊరంతా చెబుతుంది. అలాంటి కాళ్లు ఐదువేల మీటర్ల పరుగులో పడ్డాయి. రాష్ట్రంలో ఆమెను దాటినవాళ్లు లేరు, దేశంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతె దాటిన పూటే ఈ గొడవంతా మొదలైంది.

పోయిన నెల జాతీయ పోటీలకు పరుగుల సమాఖ్య వారు కొత్త రూలు పెట్టారు. మగవాళ్లకు మోకాలి దాకా వదులు నిక్కరు, బనీను. ఆడవాళ్లకు పైన ఒక ముక్క, కింద ఒక ముక్క, రెండిటి మీదా స్పాన్సరు గారి ముద్ర. మగవాళ్లకు దుస్తులు, ఆడవాళ్లకు దుస్థితి. అదేమని అడిగితే, గాలి అడ్డు తగ్గి వేగం పెరుగుతుందన్నారు. మగవాళ్లకు గాలి ఎందుకు అడ్డం రాదో మాత్రం చెప్పలేదు. బహుశా గాలికి కూడా మగవాళ్లంటే మర్యాదేమో.

చివరి చుట్టులో సోనే ముందుంది. కొండ ఎక్కడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. కాకపోతే ఆవేళ కిందిముక్క కూడా ఎక్కడం మొదలెట్టింది. కుడిచెయ్యి వెనక్కి పోయి దాన్ని లాగింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ లాగింది. పరిగెత్తేవాళ్లకు కాళ్లలో సగం చేతుల్లోనే ఉంటాయి. ఆ చెయ్యి ఊపు తప్పిన మేరకు పక్కనున్న హర్యానా పిల్ల జానెడు ముందుకెళ్లి గీత దాటేసింది.

సోనికి వెండి పతకం వచ్చింది. టీవీ వాళ్లకు పతకం కనిపించలేదు, చెయ్యి కనిపించింది. రెప్పపాటు పనిని జీడిపాకంలా సాగదీసి, గుండ్రం గీసి, బాణం గుర్తు పెట్టి, రోజంతా తిప్పారు. ‘సర్దుకున్న సోని’ అంటూ కింద అక్షరాలను పరిగెత్తించారు. ఆ అక్షరాలకు మాత్రం ఏ ముక్కా అడ్డం రాలేదు. సాయంత్రానికి చర్చ పెట్టారు. ఒకాయన ఆడపిల్లలు ఇలాంటి బట్టల్లో ఉరికితే పరువు ఏం కావాలన్నాడు. ఇంకొకాయన కాలం మారింది, మీ కళ్లద్దాలు మార్చుకోండన్నాడు. ఆమెది పరుగు, వాళ్లది పరువు. ఒక్క అక్షరం తేడా కోసం గంటసేపు గొంతులు చించుకున్నారు గానీ, అమ్మా నీకేం కావాలని ఆ పిల్లకు ఒక్క ఫోనూ చెయ్యలేదు.

అప్పటినుంచి సోనికి చెయ్యి కుదురు లేదు. పొద్దున్నే ఘాట్ రోడ్డు మీద సాధన చేస్తుంటే, నిండుగా ట్రాక్ ప్యాంటు వేసుకుని ఉన్నా, కుడిచెయ్యి దానంతట అదే వెనక్కి పోయేది. లాగడానికి ఏమీ ఉండేది కాదు. అయినా పోయేది. సంతలో ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, అరచెయ్యి చెమటపట్టేది. ఆ చెయ్యి తనది కాదు, టీవీ వాళ్లు అద్దెకు తీసుకున్నారనిపించేది.

ఆశ్రమ పాఠశాలలో ఆమెకు పరుగు నేర్పిన ధనుంజయ్ మేష్టారికి ఈ సంగతి చెప్పింది. ఆయన మంచివాడే. కాకపోతే దేవుడు ఆయనకు విజిల్ ఇచ్చాడు, గొంతు ఇవ్వడం మరిచిపోయాడు. రూలంటే రూలే కదమ్మా అన్నాడు.

"బట్ట పొట్టిదని కాదు మేష్టారూ," అంది సోని. "మా అత్త మోకాళ్లు నువ్వూ సూసేవు, నేనూ సూసేను. నాకు సెయ్యి ఖాళీ ఉండాలి. మగోళ్ల నిక్కరేసుకుంటే ఖాళీగా ఉంటాది. అంతే."

నిజమే, ఆ ఊళ్లో మోకాలు చూసి ఎవరూ మూర్ఛపోరు. కనక కట్టేది గూడకట్టు. చీర మోకాళ్ల దాకా, భుజం మీద ఒక్క ముడి. పిన్నీసు లేదు, బొత్తం లేదు. ఆ ముడితోనే ఆవిడ మిరియాల కోసం సిల్వర్ ఓక్ చెట్లెక్కింది, పనసకాయలు నెత్తిన పెట్టుకుని సంతకు దిగింది, తాగొచ్చిన మొగుణ్ణి గెడ్డ నీళ్ల దాకా తరిమింది. ముడి ఏనాడూ జారలేదు. కట్టంటే అదీ. మిగతావన్నీ కట్టుబాట్లు, కట్టుకథలు.

మేష్టారు భయపడుతూనే సమాఖ్య కార్యదర్శి సర్వేశ్వరరావు గారికి ఫోను చేశారు. ఆయన కోప్పడలేదు. కోప్పడని అధికారే ఎక్కువ ప్రమాదం. తనే టీవీ వాళ్లను వెంటబెట్టుకుని ఊరికి వస్తానన్నాడు. సోని ఆ రెండుముక్కల కిట్టు వేసుకుని కొండమీద పరిగెడుతుంటే స్పాన్సరు కోసం షూటింగు చేస్తారట. చేస్తే ఆసియా పోటీల శిక్షణ క్యాంపులో ఆమె పేరు ఖాయమట. చెయ్యకపోతే సాలూరు అమ్మాయి పైడితల్లి ఎలాగూ మూడో స్థానంలో ఉంది, ఆమెకు ఆ కిట్టుతో ఏ ఇబ్బందీ లేదట.

ఆ క్యాంపు కోసమే సోని ఇన్నేళ్లు ఉరికింది. ఆ రాత్రి దుప్పటికి చిల్లు పడింది.

వాళ్లు చైత్రమాసంలో, సరిగ్గా ఇటుకల పండగలో వచ్చారు. ఆ పండగలో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఈ రోజుల్లో అడవిలో దొరికేదీ లేదు, పట్టుకోనిచ్చేదీ లేదు, కానీ ఆచారం కాబట్టి పోతారు. వాళ్లు ఊళ్లో లేనన్నాళ్లూ రాజ్యం ఆడవాళ్లది. రోడ్డుకు అడ్డంగా దుంగ పడేసి, వచ్చిన బండినల్లా ఆపుతారు. ఏదో ఒకటి ఇస్తేనే దుంగ లేస్తుంది. దుంగ దగ్గర ఇచ్చింది అమ్మవారి వాటా, ఇచ్చినవాడు తిరిగి అడక్కూడదు. ఇక వేటనుంచి ఉత్తి చేతులతో దిగిన మగవాడి గతి వేరు. మిగతా ఊళ్లలో పేడనీళ్లు చల్లి సరిపెడతారు. గుమ్మపుట్టు ఆడవాళ్లు అక్కడితో ఆగరు. గూడకట్టు కట్టి ధింసా ఆటలో నిలబెడతారు.

సర్వేశ్వరరావు గారి వ్యాను దుంగ దగ్గర ఆగింది. ఆయన చిరునవ్వుతో దిగాడు. స్పాన్సరు వారి శీతల పానీయం సీసాలు పంచాడు, డప్పుకు రెండడుగులు వేశాడు. కెమెరా తనవైపే ఉందని చూసుకుని, గిరిజన సంప్రదాయం ఏది చెప్పినా తాను తలవంచుతానని గంభీరంగా సెలవిచ్చాడు. ఏం పనిమీద వచ్చారని కనక అడిగింది. షూటింగు అన్నాడు.

"అయితే వేటకే అన్నమాట," అంది కనక. "ఉత్తి సేతుల్తో దిగీకండి బాబూ. మా ఊరి మర్యాద మరోలా ఉంటాది."

ఆయన బాగా నవ్వాడు. దుంగ లేచింది.

కాఫీతోట అంచున కెమెరా నిలబెట్టారు. తోటంతా మంచు కురిసినట్టు కాఫీపూలు విరగబూసి ఉంటే, సోని తల్లో పెట్టడానికి వాళ్లు విశాఖపట్నం నుంచి ప్లాస్టిక్ పూలు తెచ్చారు. అద్దెకు తెచ్చిన పట్టుచీర ఒకటి, డబ్బాడు పిన్నీసులు, ఒక ఇత్తడి బిందె. కథ ఏమిటంటే, సోని గూడకట్టులో బిందె నెత్తిన పెట్టుకుని నడిచొస్తుంది, బిందె కింద పడుతుంది, చీర జారిపోతుంది, లోపల కిట్టు ఉంటుంది, ఇక పరుగే. ‘అడవి నుంచి ఆసియాకు’ అని పేరు కూడా పెట్టేశారు. గుమ్మపుట్టులో ఇంటింటికీ కొళాయి వచ్చి ఏడాదైందని చెబుదామనుకుంది సోని. బిందె ముందు ఎవరు వింటారు?

ముందు ఇంటర్వ్యూ అన్నారు. యాంకరు పేరు భానుశ్రీ. ఆ ఎండలో బిగుతు కోటు, పొట్టి గౌను, కొండదారిలో ఎత్తుమడమల చెప్పులు. ఛానెల్ డెస్కు వాళ్లు పంపిన బట్టలట. ఆవిడ మైకు పట్టుకున్న చెయ్యి నిలకడగానే ఉంది గానీ, రెండో చెయ్యి ఊరికే గౌను అంచు కిందికి లాగుతోంది. సోని కళ్లు అక్కడే ఉన్నాయి.

భానుశ్రీ సాధన గురించి, టైమింగు గురించి, చివరి చుట్టు వ్యూహం గురించి ధనుంజయ్ మేష్టారిని అడిగింది. ఆయన విజిల్ నములుతూ ఏదో చెప్పారు. తర్వాత సోని వైపు తిరిగి, పెళ్లెప్పుడు, వంటొచ్చా, ఏ కూర బాగా చేస్తావు అని అడిగింది. పరిగెత్తేది మేష్టారు, కూర వండేది సోని అన్నట్టుంది యవ్వారం. పెళ్లి సంగతి తెలీదని, కూర వాళ్లమ్మ వండుతుందని సోని చెప్పింది. చెబుతుంటే మడమలు నేలను తొక్కుతూనే ఉన్నాయి. ఆఖర్న భానుశ్రీ గొంతు తగ్గించి, ఆ వీడియోలో అసలేం సర్దుకున్నావు అని అడిగింది.

"ఏటి సర్దుకున్నానో దేశమంతా సూసింది కదక్కా," అంది సోని. "ఎందుకు సర్దుకోవాల్సొచ్చిందో ఒక్కలూ అడగనేదు. నువ్వయినా అడుగు. నీకు తెలుస్తాది."

భానుశ్రీ చెయ్యి గౌను అంచు దగ్గరే ఆగిపోయింది. కెమెరా ఆపమని సైగ చేసింది.

సర్వేశ్వరరావు సంచి తెరిచాడు. అందులో రెండు రకాల కిట్లూ ఉన్నాయి. మగవాళ్లవి పాడేరులో కుర్రాళ్లకు పంచడానికి తెచ్చాడు. సోని కిందిముక్కను చేతిలోకి తీసుకుంది. గుప్పిట మూస్తే కనిపించలేదు. మళ్లీ తెరిచి, మడత పెట్టి, మర్యాదగా ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇది నేనెయ్యను సార్. ఆ నిక్కరియ్యండి. పొద్దుగూకిందాకా ఉరకమన్నా ఉరుకుతాను."

ఆయన ఓపికగా చెప్పాడు. స్పాన్సరు ఒప్పందం అన్నాడు, చూసేవాళ్లుంటేనే ఆట బతుకుతుందన్నాడు, మీ అత్త మోకాలు కనిపిస్తే తప్పు లేదు గానీ నీకు తప్పొచ్చిందా అన్నాడు. అత్త కట్టు అత్త కట్టుకుందని, తన కట్టు ఆయన కడుతున్నాడని సోనికి చెప్పాలనిపించింది. మాటలు కాళ్లలోకి దిగిపోయాయి, నోట్లోకి రాలేదు. తల అడ్డంగా ఊపింది. ఆయన సంచి జిప్పు లాగాడు. అయితే పైడితల్లికి ఫోను చేస్తానన్నాడు. ధనుంజయ్ మేష్టారి నోట్లోంచి విజిల్ జారి కాఫీపూలలో పడింది.

వ్యాను మలుపు తిరిగేసరికి సోని అక్కడ లేదు. ఏం చెయ్యాలో బుర్రకు తోచలేదు, కాళ్లకు తోచింది. ఆయన్ని ఆపి, సరే ఇచ్చేయండి వేసుకుంటాను అనేద్దామా? లేక అదే మాట మళ్లీ చెబుదామా? తోట మధ్య అడ్డదారిన పడి దిగుతుంటే రెండు మాటలూ చెరో కాలికీ కట్టుకున్నట్టు తగులుతున్నాయి. కుడిచెయ్యి వెనక్కి పోతూనే ఉంది. రోడ్డు మెలికలు తిరిగి తిరిగి దుంగ చేరేలోగా ఆమె చెట్టు చాటుకు వచ్చి నిలబడి రొప్పుతోంది.

కనక వ్యాను కిటికీలోకి తొంగి చూసి, వేటనుంచి ఏం తెస్తున్నారని అడిగింది. పని జరగలేదమ్మా, త్వరగా వదలండి, విమానం టైమైపోతోందన్నాడు సర్వేశ్వరరావు. పర్సు తీశాడు. ఆడవాళ్లు పర్సు వైపే చూడలేదు.

"ఉత్తి సేతులు," అంది కనక వెనక్కి తిరిగి, కోర్టులో తీర్పు చదివినట్టు. డప్పు మోగింది.

ఆయన కాస్త కంగారుపడ్డాడు. సంప్రదాయం ఏది చెప్పినా తలవంచుతానని తమరే అన్నారు కదా సార్, రికార్డయి ఉంది అని భానుశ్రీ వెనక సీట్లోంచి మెల్లగా గుర్తుచేసింది. ఆయన ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ మొహం వెలిగింది. ఇంత పెద్ద అధికారి ఇంత నిరాడంబరంగా గిరిజనులతో ఆడాడంటే ఎంత పేరు! జుట్టు సరిచేసుకుని దిగి, బాగా రావాలయ్యా అని కెమెరామన్‌కు చెప్పాడు.

కోటు విప్పించారు, ప్యాంటు మోకాళ్ల దాకా మడతపెట్టించారు. ఆయన తెచ్చిన అద్దె పట్టుచీరే ఆయనకు చుట్టారు. ముడి కనక స్వయంగా వేసింది. కనక ముడి జన్మలో జారలేదని చెప్పుకున్నాం. ఆవేళ జారింది. పట్టు జారుడుగుణం అనుకుందాం.

ధింసాలో ఒకరి నడుము వెనకగా ఇంకొకరు చేతులు పెనవేసుకుంటారు. రెండు చేతులూ గొలుసులోనే ఉండాలి. ఆయన రెండడుగులు వేశాడు, ముడి భుజం మీంచి దిగింది. చెయ్యి లాక్కుని పట్టుకున్నాడు. గొలుసు తెగింది. ఆడవాళ్లు నవ్వి ఆ చెయ్యి మళ్లీ గొలుసులో పెట్టారు. ముడి మళ్లీ దిగింది. అడుగు తప్పింది, చెయ్యి పోయింది, చీర పట్టుకుంది. కెమెరామన్ అలవాటున్న మనిషి. ఎవరూ చెప్పకుండానే కెమెరా ఆ చేతిమీదికి వెళ్లి అక్కడే కూర్చుంది.

పాట ఆగాక సర్వేశ్వరరావు రొప్పుతూ వచ్చి, ఎలా వచ్చిందో చూపించమన్నాడు. చిన్న తెరమీద చూశాడు. అందులో సంప్రదాయం లేదు, నిరాడంబరత లేదు, మొహం కూడా సరిగ్గా లేదు. ఒక చెయ్యి ఉంది. లాగుతోంది, సర్దుతోంది, మళ్లీ లాగుతోంది. చుట్టూ చేరిన ఆడవాళ్లు విరగబడి నవ్వుతున్నారు. ఆయన భుజం మీద ముడి పట్టుకునే ఉన్నాడు.

తీసెయ్ అన్నాడు కెమెరామన్‌తో.

"డెస్కుకి ఇలాంటిదే కావాలి సార్," అంది భానుశ్రీ. "స్లో మోషన్లో వేస్తే నిమిషం వస్తుంది. గుండ్రం గీస్తారు, బాణం గుర్తు పెడతారు. శీర్షిక కొత్తగా వెతుక్కునే పని కూడా లేదు. మీ పేరు కూడా ‘స’తోనే మొదలవుతుంది."

ఆయన మొహంలో ఏదో తిరిగింది. ఆ తిరిగినదేమిటో అక్కడున్న వాళ్లలో ఒక్క సోనికే తెలుసు. చెట్టు చాటునుంచి వస్తూ తనూ నవ్వుదామనుకుంది. నవ్వు సగం దాకా వచ్చింది. ఆ పిడికిలి చూసింది. బిగిసిన వేళ్లు, తెల్లబడిన కణుపులు, ఏ ఫోను ఎక్కడ లేస్తుందోనని తిరిగే కళ్లు. నెల్లాళ్లుగా అద్దంలో చూస్తున్నదే.

"తీసీయక్కా," అంది భానుశ్రీతో.

"పిచ్చి గుంటా," అని కనక కసిరింది. "సేతికొచ్చిన వేటని వదిలీత్తావేటే?"

"ఆ సెయ్యి ఎలాగుంటాదో నాకు తెలుసత్తా. నిద్దరట్టనివ్వదు."

భానుశ్రీ ఆమెను ఒక క్షణం చూసి, కెమెరా అందుకుని తనే చెరిపేసింది. కెమెరామన్ సొంత బిడ్డను పోగొట్టుకున్నట్టు నిట్టూర్చాడు. సోని వీడియో మాత్రం ఎన్ని వేల ఫోన్లలో ఉందో ఉంది. దాన్ని చెరిపే బటను ఏ కెమెరాకూ లేదు.

సర్వేశ్వరరావు చీర విప్పి, మడత పెట్టే ప్రయత్నం చేసి, చాతగాక కుప్పగా సీట్లో పడేసి కూర్చున్నాడు. దుంగ లేవలేదు. ఆయన కనక వైపు చూశాడు. ఆడింది ఉత్తి చేతుల సిగ్గుకని, దారికి ఇవ్వాల్సింది ఇంకా ఉందని కనక చాలా మర్యాదగా చెప్పింది. పర్సు వద్దని కూడా చెప్పింది. ఏం కావాలో చెప్పలేదు. కళ్లు మాత్రం సంచి మీదున్నాయి.

ఆయన ముందద్దంలోంచి దుంగను చూశాడు, కనకను చూశాడు. తర్వాత సంచి జిప్పు లాగి, మగవాళ్ల నిక్కరు ఒకటి తీసి, ఎవరి మొహమూ చూడకుండా కిటికీలోంచి బయటికి చాపాడు.

"క్యాంపుకి వచ్చేటప్పుడు ఇది తెచ్చుకోమను," అన్నాడు. "రూలు సంగతి నేను చూసుకుంటాను."

దుంగ దగ్గర ఇచ్చింది తిరిగి అడక్కూడదని ఆయనకు తెలుసో లేదో. దుంగ లేచింది. వ్యాను వెళ్లింది. వెనక అద్దంలోంచి భానుశ్రీ చెయ్యి ఊపింది, గౌను అంచు వదిలేసి.

ధనుంజయ్ మేష్టారు విజిల్ వెతుక్కుని అప్పటికి దిగి వచ్చారు. జరిగింది విని ఆయనకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. చూసుకుంటాను అన్నాడంటే చేస్తాడనా, లేక చూస్తూ ఉంటాడనా? వెళ్లాక అటు పైడితల్లికి ఫోను చెయ్యడని ఏమిటి? అధికారుల మాటకు ఏ కనకా ముడి వెయ్యలేదు కదా అని గొణిగారు.

సోని వింటూనే నిక్కరును ట్రాక్ ప్యాంటు మీద తొడిగేసింది. రెండు సోనీలు పట్టేంత వదులు. నడుము దగ్గర తాడు ఉంది. గట్టిగా లాగి ముడేసింది. తనకూ తెలీదు ఆయన ఏం చేస్తాడో. తెలిసేదాకా కూర్చోవాలా? మడమలు అప్పటికే లేస్తున్నాయి.

ఘాట్ రోడ్డు మీద ఊరివైపు ఎత్తుకే ఉరికింది. మొదటి మలుపు దగ్గర కుడిచెయ్యి అలవాటుగా వెనక్కి పోయింది. సగం దూరం పోయింది, తడిమింది. దానికి పనేమీ దొరకలేదు. ముందుకు వచ్చేసింది.

"ఒలే కోడలా," కింద దుంగ మీద కూర్చున్న కనక కేకేసింది. "ఉత్తి సేతుల్తో ఎక్కడికే పోతన్నావు?"

సోని వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ ఊపుకుంటూ రెండో మలుపు తిరిగింది.